మూడో ఫిర్యాదు

“ఇగో, మళ్ల షురూ జేసిండ్రు!”

లక్ష్మీరాజం పేపరు మడిచి కుర్చీ చేతి మీద టప్పున కొట్టాడు. ఆదివారం సాయంత్రం ఇంకా నాలుగు కూడా కాలేదు. ప్రహరీ అవతల పాటల హాలులో డోలక్ మోగుతోంది.

అది ఒకప్పటి రేషన్ గోదాము. నస్పూర్ కాలనీ వాళ్లు సున్నం కొట్టి, నాలుగు చాపలు పరిచి హాలు చేసుకున్నారు. ఆరేళ్ల నవ్యశ్రీ నుంచి హార్మోనియం అంతయ్య తాత దాకా ఎవరైనా వచ్చి పాడుకోవచ్చు. టికెట్టు లేదు. వయసు అడగరు. గొంతు ఎట్లా ఉందని అసలే అడగరు. ఆ ఆఖరుదే లక్ష్మీరాజం ప్రాణం మీదికి తెచ్చింది.

ముప్పై రెండేళ్లు బొగ్గుగనిలో ఓవర్‌మన్‌గా మోతలు భరించి వచ్చిన మనిషి. రిటైరయ్యాక చెవులకు కాస్త సుఖం కావాలనుకున్నాడు. అంతకు మించి దేవుణ్ని ఏమీ అడగలేదు. ఆ ఒక్కటీ దొరకలేదు.

ఇప్పటికి రెండు ఫిర్యాదులు ఇచ్చాడు. పోరు పడలేక కాలనీ సంఘం తీర్మానం కూడా చేసింది. మైకు సెట్టు సౌండు హద్దు దాటిందని మూడోసారి రుజువైతే హాలుకు తాళం. రుజువు కోసం లక్ష్మీరాజం ఫోనులో సౌండు కొలిచే యాప్ వేయించుకున్నాడు.

“జర ఆగవయ్యా,” అంది భార్య స్వరూప, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. “ఇయ్యాల ఎల్లక్క పాడుతదట. కొడుకుకు గనిల నౌకరి వచ్చిందని సిరిసిల్ల నుంచి వచ్చింది గదా, ఆమె. ముప్పై ఏండ్లు కరెంటు మగ్గాల మీద, గా సాంచాల మీద, బట్ట నేసిందట. ఆ మోతలల్లనే పాటలు నేర్సిందట.”

“సిరిసిల్లల పాడుకోమను!”

అనడమే ఆలస్యం, గొంతు లేచింది. ప్రహరీ మీది కాకులు కూడా లేచాయి. యాప్‌లో ముల్లు ఎర్రగీత దాటింది. లక్ష్మీరాజం హాలు చూసుకునే రాజేశానికి ఫోన్ కొట్టాడు.

“రాజేశం, సౌండు తగ్గియ్యి!”

“ఇంతకన్న తగ్గదు సార్. అసలు సంగతేందంటే...”

“సంగతులు నాకు చెప్పకు. తగ్గియ్యి!”

హాలు కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. గొంతు మాత్రం గోడ దూకి వస్తూనే ఉంది. మళ్లీ ఫోన్.

“కిటికీలన్ని మూసిన సార్.”

“మరి ఎట్ల వస్తుంది? మా ఇంటి దిక్కు పెట్టినవా?”

“లేదు సార్, గోడ దిక్కు తిప్పిచ్చిన. ఇంకేం జెయ్యమంటరు? జర నేను చెప్పేది...”

లక్ష్మీరాజం ఫోన్ పెట్టేశాడు. ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగడం ఆయనకు గనిలోనూ అలవాటు లేదు.

“ఏమన్న గానీ,” అంది స్వరూప, “ఇయ్యాల కీచుమనుడు లేదు, గరగర లేదు. ఎంత సాఫుగ వస్తుందో!”

“రాదా మరి? కొత్త సెట్టు తెచ్చినట్టుండ్రు. నా ఫిర్యాదులకు గిది జవాబు! దున్నపోతు మీద వాన వడ్డట్టే!”

లక్ష్మీరాజం ఫోన్ అందుకున్న అరగంటలో సంఘం కార్యదర్శి సదానందం తాళంకప్ప పట్టుకుని దిగాడు. మొహం చిటపటలాడుతోంది.

“ఆదివారం పూట నన్ను పరేషాన్ చేసేది వాళ్లు కాదు సార్, మీరు. గిదే ఆఖరు. రుజువైతే తాళం ఏస్త. కాకపోతే ఇంకోసారి ఫోన్ చెయ్యద్దు. ఒప్పుకుంటరా?”

“కాయితం మీద రాసిస్త!”

రాసి ఇచ్చాడు కూడా. ఇద్దరూ హాలు గేటు దగ్గరికి నడిచారు. తలుపు దగ్గర రాజేశం చేతులు జోడించి నిలబడ్డాడు.

“పిల్లలకైనా ముసలోళ్లకైనా మాకు గీ ఒక్క జాగనే ఉంది సార్. తాళం ఎయ్యకుండ్రి. ముందుగాల లోపలికి రండ్రి, మీ కండ్లతోని చూడుండ్రి.”

“నేను రాను. చూసేదేమున్నది, వినవడ్తలేదా?” యాప్ సదానందం ముక్కు కింద పెట్టాడు లక్ష్మీరాజం. “ఇగో, చూసినవా ముల్లు? పోయి తాళం ఏసి రా పో!”

సదానందం లోపలికి వెళ్లాడు. లక్ష్మీరాజం గేటు దగ్గరే నిలబడ్డాడు.

పాట మారింది. గనిలోకి దిగిన మనిషి కోసం వాకిట్లో నిలబడ్డ ఆడమనిషి పాట. అన్నం చల్లారిపోతోందట, సైకిలు చప్పుడు వినబడడం లేదట. లక్ష్మీరాజం చేతిలో ఫోను తనంతట తానే కిందికి దిగింది. రెండో షిఫ్టు దిగి వచ్చిన ప్రతిసారీ స్వరూప అట్లాగే నిలబడేది. ఎందుకు నిలబడ్డావని తను ఒక్కనాడూ అడగలేదు. కళ్లు తడయ్యాయి.

వెంటనే తన మీద తనకే కోపం వచ్చింది. ‘మంచి సెట్టు పెడితే ఎవల గొంతైనా గిట్లనే ఉంటది!’ అనుకుని కళ్లు తుడుచుకున్నాడు.

పాట అయిపోయింది. చప్పట్లు మోగాయి. కాసేపటికి సదానందం బయటికి వచ్చాడు. తాళంకప్ప చేతిలోనే ఉంది.

“ఏసినవా?”

“ఎయ్యలే.”

“ఎందుకెయ్యలే? సౌండు హద్దు దాటింది గదా?”

“దాటింది.”

“మరి తీర్మానం ఏమున్నది? మైకు సెట్టు సౌండు హద్దు దాటితే తాళమని లేదా? సంతకం నువ్వే గదా పెట్టినవు!”

“పెట్టిన.”

“ఇంకేంది మరి, నీ తిప్పలు?”

సదానందం ఆయన రాసిచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో భద్రంగా దాచుకున్నాడు.

“సార్, లోపల మైకే లేదు.”