పసుపు పొట్లం

నా చేతిలో ఉన్నవి మీటరు, స్క్రూడ్రైవరు, ఒక పసుపు చిరుతిండి పొట్లం. తైవాన్‌లోని మా తైచుంగ్‌లో మిషను మాట వినాలంటే దాని మీద ఆకుపచ్చ పొట్లమే పెట్టాలి, పసుపుది పెట్టకూడదు. కొట్లో ఆకుపచ్చది దొరకలేదు.

నా ముందున్నది చువాంగన్న కర్రని గిరగిరా తిప్పుతూ సరదాకి బొమ్మలు చెక్కిన లేతు మిషను. ఆయన పోయిన రోజే ఆగిపోయింది.

"ఈ రాత్రికి తిప్పావా, ఊరికే పట్టుకుపో. లేదంటే పొద్దున పాత ఇనుముకి వేసేస్తా," అంది ఆయన భార్య సియూ-చిన్ అక్క.

ప్లగ్ పీకి ఒళ్లో పెట్టుకున్నాను. మోటారు మూత విప్పి తీగలు ఒక్కొక్కటీ మీటరుతో చూశాను. ఒకటి తొడుగు లోపలే తెగి ఉంది. కొత్త తీగ వేసి, మూత బిగించి, పైన పొట్లం పెట్టాను.

లేతు మెల్లగా తిరగడం మొదలెట్టింది.

అక్క గుమ్మంలోకి వచ్చింది. "పసుపుది పెట్టావా? ఆయనకి ఒళ్లు మండుతుంది తమ్ముడూ!" అని నవ్వింది. నా ఒళ్లో ప్లగ్ చూసి నవ్వు ఆపేసింది.

"మండనీ. బాగుచేసింది నేను," అన్నాను. "చువాంగన్నా, ఎంతసేపు తిప్పుతావో తిప్పు. తెల్లారగానే దీన్ని బండెక్కిస్తా."

చప్పుడు ఇంకా పెరిగింది. నేను లేవలేదు.

మొత్తం మీద నాకు దక్కింది కరెంటు అక్కర్లేని లేతు. తిప్పేవాడు కూడా బండెక్కుతాడేమో, ఎక్కనీ.