పదో సంతకం

బస్సులో బెరిల్ పక్క సీట్లో ఒక ముసలాయన వచ్చి కూలబడ్డాడు. ఒళ్ళంతా తడి.

ఆమె సంచిని ఒళ్ళోకి లాక్కుంది.

"దొంగను కాను తల్లీ. వానకు తడిసినవాణ్ణి, అంతే."

మార్ష్ ఎండ్‌లో అతన్ని చూడనివాళ్ళు లేరు. పేరు మాత్రం ఎవరూ అడగలేదు. ఊరి బస్సు షెడ్డులోనే అతని మకాం.

"టౌన్ హాలుకేనా?" అన్నాడు.

"ఊఁ. నువ్వూ అక్కడికేనా? చలికి లోపల వెచ్చగా ఉంటుందిలే."

అతను నవ్వాడు.

"ఆ కాగితమేంటి తల్లీ?"

"నామినేషను. పార్లమెంటుకు నిలబడుతున్నా."

"గెలుస్తావా?"

"డిపాజిట్టు కూడా దక్కదు. మైకు దక్కితే చాలు."

నిజమే. మార్ష్ ఎండ్ ఆసుపత్రిలో డయాలసిస్ గది ఎత్తేస్తున్నారు. ఆమె మొగుడు క్లైవ్ వారానికి మూడుసార్లు అక్కడే మిషను మీద పడుకుంటాడు. అది పోతే నలభై మైళ్ళు పోవాలి. అంత దూరం కూర్చునే ఓపిక అతనికి లేదు. నిలబడ్డ నలుగురిలో ఒక్కడూ ఆ ఊసెత్తడు. పోయిన వారం చర్చి హాల్లో సభ పెడితే బెరిల్ లేచి అడగబోయింది. "మైకు అభ్యర్థులకేనమ్మా" అని కూర్చోబెట్టారు.

సరే, అభ్యర్థినే అవుతానంది.

నామినేషనుకు ఆ నియోజకవర్గం ఓటర్లు పదిమంది సంతకాలు పెట్టాలి. పదిమందిని పట్టేసరికి ఆమె కాళ్ళరిగాయి. ఇవాళ నాలుగింటితో గడువు సరి.

"నేనూ ఓ సంతకం పడేయనా?" అన్నాడు ముసలాయన.

వెనక సీట్లో డాట్, సంతకం పెట్టిన పదిమందిలో ఒకతె, కిసుక్కుమంది. "నీ ఇల్లు మేడా మిద్దా పెద్దాయనా?"

బెరిల్‌కీ నవ్వొచ్చింది. "ఓటర్లే పెట్టాలి పెద్దాయనా. ఓటుండాలంటే ఇల్లుండాలి. అయినా పదీ అయిపోయాయిలే."

"పదకొండోది చేదా?"

"వద్దులే."

"సరే తల్లీ." అతను కిటికీ వైపు తిరిగాడు.

టౌన్ హాలు కార్‌బరోలో ఉంది. ఆష్‌మియర్, కార్‌బరో రెండు నియోజకవర్గాలకూ కాగితాలు అక్కడే తీసుకుంటారు. బెరిల్ వాళ్ళ మార్ష్ ఎండ్ ఆష్‌మియర్లోది; టౌన్ హాలున్న ఊరు మాత్రం అవతలి నియోజకవర్గంలోది.

ఎన్నికల అధికారి మిసెస్ ఫెన్విక్ ఓటర్ల జాబితా మీద వేలు పెట్టి ఒక్కో పేరే చూసుకుంటూ వచ్చింది. పదో పేరు దగ్గర వేలు ఆగింది.

"ఎడ్నా క్రాబ్, ఏడో నంబరు, కెనాల్ వీధి. ఈమె ఓటు మీ ఆష్‌మియర్లో లేదండీ."

"ఎందుకు లేదు? నలభయ్యేళ్ళుగా మా ఎదురిల్లు!"

"నిరుడు హద్దులు మార్చారు. గీత వీధి నడిమధ్యన పోయింది. మీ వైపు ఆష్‌మియర్, ఆవిడ వైపు కార్‌బరో."

"ఆ సంగతి ఎడ్నాకే తెలీదు!"

"చాలామందికి తెలీదండీ. కాగితం నేనింకా తీసుకోలేదు. ఈ ఒక్కటీ కొట్టేసి, నాలుగులోగా ఇంకొకరి చేత పెట్టించుకు రండి."

గడియారంలో మూడూ ఇరవై అయింది.

బెరిల్ ఊళ్ళో ఉన్న, ఇంకా సంతకం పెట్టని పక్కింటి షీలాకు ఫోను చేసింది.

"కారు తీస్తున్నా. రైలు గేటు పడకపోతే నలభై నిమిషాలు," అంది షీలా.

"ఎగిరి రా!"

ఈలోగా ఆమె వీధిలో పడింది. మందుల షాపులో వరసను అడిగింది. కేకుల షాపులో బల్లబల్లకూ తిరిగింది. అందరిదీ ఒకటే మాట, "మాది కార్‌బరోనమ్మా."

"మీ ఊరి ఓటును మా ఊళ్ళో వెతికితే ఎట్లా దొరుకుద్దమ్మా?" అన్నాడు షాపువాడు.

ఆమె రొప్పుకుంటూ తిరిగొచ్చింది. టౌన్ హాలు వరండాలో బల్ల మీద ముసలాయన కూర్చునే ఉన్నాడు. ఆమెను చూసి లేచాడు.

"ఏం కావాలి తల్లీ? ఆ పరుగేంటి?"

"ఓటరు కావాలి! ఆష్‌మియర్ ఓటరు!"

"అయితే నేను..."

"నువ్వు కూర్చో పెద్దాయనా! దారికడ్డం రాకు!"

అతను కూర్చున్నాడు.

ఆమె మళ్ళీ వీధిలోకి పరుగెత్తింది.

ఒట్టి చేతులతో తిరిగొచ్చేసరికి నాలుగు కొట్టింది.

"ఒక్క నిమిషం కూడా నా చేతిలో లేదు బెరిల్ గారూ," అని మిసెస్ ఫెన్విక్ కాగితాన్ని మెల్లగా వెనక్కి జరిపింది.

బెరిల్ వరండాలోకొచ్చి ముసలాయన పక్కనే కూలబడింది. ఫోను మోగింది. షీలా. గేటు దగ్గరే ఉండి ఉంటుంది. ఎత్తలేదు. ఇంటికెళ్ళి క్లైవ్‌కు ఏం చెప్పాలి? పొద్దున బయల్దేరేటప్పుడు "మైకు ముందు దగ్గకు" అని వేళాకోళం చేశాడు.

ముసలాయన ఆమెకు చోటిస్తూ కాస్త జరిగాడు.

కాసేపటికి మిసెస్ ఫెన్విక్ చేతిలో ఏదో కాగితంతో బయటికొచ్చింది.

"చాలాసేపు కూర్చోబెట్టాను, ఏమనుకోకండి ప్లాట్స్ గారూ. ఇక్కడ సంతకం చేయండి."

అతను కలం తీసుకుని వంగి, తీరిగ్గా పెట్టాడు.

"ఈయనకేం సంతకం?" అంది బెరిల్.

"ఓటు నిలుపుకోవడానికండీ, ఇల్లు లేనివాళ్ళు ఏటా వచ్చి రాసివ్వాలి," అంది మిసెస్ ఫెన్విక్ సిరా ఆరబెడుతూ, "లెన్ ప్లాట్స్ గారు పదమూడేళ్ళుగా మీ ఆష్‌మియర్ ఓటరే, చిరునామా మార్ష్ ఎండ్ బస్సు షెడ్డు."