చేతులు దాచుకున్న ఫోటోలు

కామరాజు నోట్లో రెండు వేళ్ళు పెట్టి ఈల వేశాడు. అంతే! అప్పటిదాకా దూరంగా ఉన్న పోర్టు గోడవైపు వేలు చూపిస్తున్న గంగాలమ్మ చెయ్యి చటుక్కున కొంగులోకి వెళ్ళిపోయింది.

"కట్!" అంటూ తల పట్టుకున్నాడు కామరాజు. పొద్దుట్నించీ ఇది ఆరోసారి. "ఏంటమ్మా ఇది? చెయ్యెత్తి, 'అదిగో, ఆ గోడవతలే మా తెప్పలపాలెం ఉండేది' అనాలి. అంతేగా! కెమెరా లేనప్పుడు చక్కగా చూపించావు."

"సెప్పమంటే సెప్తాను బాబూ. సెయ్యి మాత్రం ఎత్తను."

"ఎందుకని?"

"ఎత్తనంతే."

కామరాజుకు ఒళ్ళు మండింది. మండదూ మరి! నలభై ఏళ్ళుగా డాక్యుమెంటరీలు తీస్తున్నవాడు. ఇదే విశాఖలో, సినిమాహాళ్ళలో ఆట ముందు వేసే వార్తా రీళ్ళకు కెమెరా పట్టి మొదలుపెట్టాడు. అప్పట్లో ఎన్ని తీశాడో ఆయనకే గుర్తులేదు. తర్వాత ఆ ఉద్యోగం వదిలేసి, ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ వెంట ఊరూరా తిరిగాడు. షాటుకు ముందు ఈల వెయ్యడం మాత్రం మొదటి రోజు నుంచీ ఉన్న అలవాటు. ఎక్కడైనా ఆ ఈలకి జనం నవ్వేస్తారు, బెరుకు పోతుంది. ఇక్కడ నవ్వకపోగా, ఇసకలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్న మగాళ్ళు కూడా చేతులు చంకల్లో దూర్చేశారు.

సోమవారం కోర్టులో వాయిదా, ఆలోగా వీళ్ళ మాటలు రికార్డు చేసి ఇవ్వాలి. పోర్టు కోసం తెప్పలపాలెం ఖాళీ చేయించి, వీళ్ళని యారాడ కొండ కింద ఈ కాలనీలోకి తెచ్చి పడేసి నలభై ఏళ్ళయినా ఒక్క ఇంటికీ పట్టా లేదు. ఇప్పుడు పోర్టువాళ్ళు ఇదీ ఖాళీ చెయ్యమంటున్నారు. 'బదులు స్థలం అడక్కుండా ఊరు ఖాళీ చేస్తామని అంతా చేతులెత్తి ఒప్పుకున్నారు, సాక్ష్యంగా రీలు తీశాం' అని పాత ఫైల్లో ఒక్క ముక్క రాసి ఉంది. రీలు ఎక్కడుందో ఎవరికీ తెలీదు గానీ, ఆ ముక్క పట్టుకునే అవతలి ప్లీడరు కేసు నడిపిస్తున్నాడు. అది అబద్ధమని తేలకపోతే నూట ఇరవై కుటుంబాలు మళ్ళీ రోడ్డున పడతాయి.

"ధనశ్రీ, ఇక్కడేదో జరుగుతోంది," అన్నాడు కామరాజు తన కెమెరా అమ్మాయితో గొంతు తగ్గించి. "ఆ నాగబాబుని గమనించావా? నేను ఈల వేసినప్పుడల్లా అందరివైపూ చూసి తలాడిస్తున్నాడు."

నాగబాబు గంగాలమ్మ కొడుకు, కాలనీ సంఘం ప్రెసిడెంటు. కామరాజు అతన్ని పడవ చాటుకు లాక్కుపోయాడు.

"నిజం చెప్పు. వీళ్ళకిలా నేర్పించిందెవరు? అవతలివాళ్ళతో చేతులు కలిపావా?"

"ఓలమ్మో! ఏటి సార్ అలగంటారు?" నాగబాబు మొహం ఎర్రబడింది. "నానెందుకు నేర్పుతాను? మాయమ్మే నాకు నేర్పింది. కెమెరా కనపడితే సేతులు దాసెయ్యాల. కాలనీలో అందరం అంతే."

"నా చెవుల్లో పువ్వులేమైనా కనిపిస్తున్నాయా నీకు?"

"నమ్మరా? అయితే రండి, సూపిత్తాను."

ఇంట్లో గోడనిండా ఫోటోలు. పెళ్ళి ఫోటోలో నాగబాబూ, పెళ్ళికూతురూ చేతులు వెనక్కి పెట్టుకుని, పోలీసుస్టేషన్లో నిలబెట్టినట్టున్నారు. స్కూలు ఫోటోలో కాలనీ పిల్లలంతా చేతులు కట్టుకుని చంకల్లో దాచుకున్నారు.

"సార్, ఇది చూడండి," అంది ధనశ్రీ. "బారసాల ఫోటో. పసిపిల్ల చేతులు కూడా గుడ్డలో చుట్టేశారు!"

కామరాజుకు నాగబాబు మీది అనుమానం పోయి, దీని వెనక ఇంకేదో పెద్దదే ఉందనిపించింది. గబగబా వెనక్కొచ్చి గంగాలమ్మ పక్కన ఇసకలో చతికిలబడ్డాడు.

"కెమెరా ఆపేశాం. ఇప్పుడు చెప్పమ్మా. ఏం జరిగింది?"

గంగాలమ్మ కొంగులోంచి చెయ్యి బయటికి తీసింది.

"ఊళ్ళోకి ఒక కుర్రోడొచ్చినాడు బాబూ, కెమెరా ఏసుకుని. 'మీరంతా సినిమాహాల్లో కనపడతారు, సేతులెత్తి ఊపండి' అన్నాడు. మాకు సంబరమైపోనాది. ఈ నాగబాబు సంకలో ఉన్నాడు, ఆడి సెయ్యి కూడా నానే ఎత్తినాను. మా బొమ్మ ఏత్తారని వారంవారం హాలుకెల్లేవాల్లం. బొమ్మ రాలేదు, బుల్డోజరొచ్చింది. ఇదేటి బాబూ అంటే, 'మీరే సేతులెత్తి ఒప్పుకున్నారు గదా, రీలుంది' అన్నారు."

"మాటల్లేని రీలు!" కామరాజు లేచి నిలబడ్డాడు. "చూశావా ధనశ్రీ, ఎంత దుర్మార్గం! వాడు దొరికితే చాలు. సోమవారం బోనులో నిలబెట్టి, ఆ చేతులు ఎందుకెత్తించాడో జడ్జిగారి ముందు కక్కిస్తాను. మీ ఇళ్ళు మీకు దక్కుతాయి. చెప్పమ్మా, వాడు ఎలా ఉండేవాడు? మొహం గుర్తుందా?"

గంగాలమ్మ ఆయన మొహంవైపు చూడలేదు. ఆయన కుడిచేతి వేళ్ళవైపు చూసింది.

"మొకం ఎక్కడ కనపడింది బాబూ, కెమెరా ఎనకాలే ఉండిపోనాడు. ఈల మాత్రం ఇదే."