ఎడమవైపు కుంగిన బండి

“మళ్లీ కూలబడింది!”

మార్లిస్ నడుం మీద చేతులు పెట్టుకుని తన మోటార్‌హోమ్, తను కాపురముంటున్న ఇల్లులాంటి బండి, వంక చూస్తోంది. వెనక ఎడమవైపు జానెడు కుంగింది.

పక్క బండిలో ఉండే వెర్న్ సబ్బునీళ్ల సీసాతో వచ్చాడు. ముప్పై ఏళ్లు లారీలు బాగుచేసి రిటైరైన మనిషి.

“వారంలో ఇది ఐదోసారి. నువ్వసలు మెకానిక్కువేనా?”

“గాలి కదా మహాతల్లీ! కంటికి కనబడి చస్తుందా?”

“కింద దుంగలు పెట్టి దూరు. బండి మీద పడితే ఆ పాపం నాకెందుకు?”

ఇంజను వేసి గాలి నింపి, ఆపి, దుంగలు పెట్టి దూరాడు. బండి బరువు మోసే గాలి సంచి మీద సబ్బునీళ్లు చిమ్మాడు. గొట్టం నట్టు దగ్గర బుసబుసా బుడగలు లేచాయి.

“నిన్న బిగించిందేగా?”

“నిన్నది పైది. ఇది కిందిది.”

ఏప్రిల్ ఎండలు ముదిరాయి. చలికాలమంతా ఈ అరిజోనా ఎడారిలో గడిపినవాళ్లు ఉత్తరానికి వెళ్లిపోగా ఈ రెండు బండ్లే మిగిలాయి. వెర్న్ భార్య పోయి మూడేళ్లు. సాయంత్రం నాలుగింటికి కుర్చీ వేసుకుని కబుర్లాడే మనిషి మళ్లీ ఇన్నాళ్లకి దొరికింది. మార్లిస్ వెళ్లిపోతుందంటే అతనికి దిగులుగా ఉంది. ఆ ముక్క చెప్పడానికి నోరు పెగలడం లేదు.

“ఆదివారం ఉత్తరాన మోంటానాలో మా చెల్లెలి అరవయ్యో పుట్టినరోజు. రోజూ ఫోన్ చేస్తోంది, వస్తున్నావా లేదా అని,” అంది మార్లిస్.

వెర్న్ రెంచీ అందుకున్నాడు. ఈసారి నట్టు గట్టిగా బిగించి, మళ్లీ సబ్బునీళ్లు కొట్టాడు. ఒక్క బుడగ లేదు.

“ఇక దిగదు. రేపు బయల్దేరు.”

“నిజంగా?”

“ఒట్టు.”

“అలాగే,” అని ఆమె మొహం తిప్పుకుంది. థాంక్స్ కూడా చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే వెర్న్ గడ్డం గీసుకుని వీడ్కోలు చెప్పడానికి వచ్చాడు. బండి కూలబడే ఉంది! దూరి చూస్తే నట్టు రెండు చుట్లు వదులుగా ఉంది.

బయటికొచ్చేసరికి నీడలో రెండు కుర్చీలు, రెండు కాఫీలు. కప్పు అందించిన మార్లిస్ గోళ్లలో నల్లటి గ్రీజు.

“నీ ఒట్టు తీసి గట్టున పెట్టు,” అందామె. “దారిలో మళ్లీ దిగితే ఎవర్ని పిలవను? నా వెనకాలే మోంటానా దాకా నువ్వూ రా.”

ఆ గోళ్లు చూసి వెర్న్ పగలబడి నవ్వాడు.

అంతకుముందు ఐదుసార్లూ నట్టు వదులు చేసింది అతనే.