క్వార్టర్స్ అప్పగింత

"జనరల్ గారూ, ఈ ఓవెన్ ఎవరు తోమారు?"

మోకాళ్ళ మీద కూర్చుని, తల మొత్తం ఓవెన్‌లో దూర్చి అడిగింది బెవర్లీ. సైన్యం వాళ్ళు క్వార్టర్స్ ఖాళీ చేసేటప్పుడు తనిఖీకి వచ్చే మనిషి. ఇంగ్లండులోని ఈ టిడ్‌వర్త్ కంటోన్మెంటులో ఆవిడ వేలికి నూనె మరక అంటిందంటే సిపాయికైనా జనరల్‌కైనా తాళాల అప్పగింత ఆగిపోవాల్సిందే.

"నేనే," అన్నాడు మేజర్ జనరల్ హ్యూ టెంపుల్టన్.

భార్య రోజలిండ్ ఫక్కున నవ్వింది. "హ్యూ తోమాడా! పక్కన నిలబడి చూశాడు, అంతే."

"మా ఇంట్లోనూ అదే భాగోతం తల్లీ," అంది బెవర్లీ. "మా ఆయన రిటైరైన సార్జెంటు. గిన్నె కడగమంటే నాకే హుకుం జారీ చేస్తాడు."

హ్యూకి నవ్వు రాలేదు. ఎక్కడికి బదిలీ చేస్తే అక్కడికి ఇన్నేళ్ళూ మూటాముల్లే సర్దుకుని వెంట వచ్చింది రోజలిండ్. ఇక చాలు, డెవన్‌లో కొనుక్కున్న చిన్న ఇంట్లో స్థిరపడదాం అంది. రాజీనామా చేస్తానని మాటిచ్చాడు. తీరా నిన్న లండన్ నుంచి పై అధికారులు ఫోన్ చేసి సైప్రస్‌లో పెద్ద పదవి ఉందంటే, ఎగిరి గంతేసినంత పని చేసి సరేనన్నాడు. ఆ సంగతి ఆమెకింకా చెప్పలేదు. తుపాకులకు ఎదురెళ్ళిన మనిషికి పెళ్ళాం ముందు నోరు పెగలడం లేదు.

"రోజ్, ఒక్క మాట..."

"ఉండు హ్యూ, ముందు పరదాల కొక్కేలు చూసుకోనీ. ఒక్కటి ఊడినా బెవర్లీ ఊరుకోదు."

మేడ మీద మళ్ళీ ప్రయత్నించాడు. "డెవన్ ఇంటి గురించి..."

"గోడలకి పసుపు రంగు," అంది రోజలిండ్ వెంటనే. "ఎక్కడికెళ్ళినా ఈ సర్కారు మీగడ రంగే. మొహం మొత్తింది."

ఆమె ముఖంలో సంతోషం చూసి అతనికి సిగ్గేసింది.

కింద బెవర్లీ తాళాలు అందుకుంది. "ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఇక నీ ఇల్లు, నీ ఓవెన్. ఎవరూ తల దూర్చరు. హాయిగా ఉండు తల్లీ."

కారులో చెప్పొచ్చులే, దారి పొడవునా తీరికే అనుకుని హ్యూ ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడే సామాన్ల లారీ డ్రైవరు గుమ్మంలోంచి తొంగిచూశాడు.

"మేడమ్, మేం డెవన్‌కి బయల్దేరుతున్నాం. మీరు ఎక్కించొద్దన్నారుగా, సార్ పెట్టెలు రెండూ గేటు పక్కనే ఉంచాం. మీరు సైప్రస్ అని రాసిచ్చిన చీటీలు కూడా వాటికి అంటించేశాం."