ఏరియేటర్ల మోత

“నాన్నగారూ! ఏరియేటర్లు ఆగిపోయి ఎంతసేపైందండీ?”

ప్రవీణ్ బండికి స్టాండు కూడా వెయ్యకుండా గట్టు మీద పడేసి షెడ్డు దగ్గరకి పరిగెత్తాడు. షెడ్డు ముందు మడత కుర్చీలో, రొయ్యల చెరువుకి వీపు పెట్టి పేపరు చదువుకుంటున్న సత్యనారాయణరాజుగారు కళ్ళజోడు పైనుంచి కొడుకుని ఎగాదిగా చూశారు.

“ఆగడమేంట్రా? శుభ్రంగా తిరుగుతుంటేనూ! నీకు వినపడట్లా?”

“ఓసారి వెనక్కి తిరిగి చూడండి.”

తిరిగి చూస్తే ఏముంది! చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఆ మిషన్ల రెక్క ఒక్కటీ కదలడం లేదు. అసలే పొద్దుటినుంచీ మబ్బు. నీళ్ళలో గాలి చాలక రొయ్యలన్నీ పైకి తేలి మీసాలు ఆడిస్తున్నాయి. రాజుగారు పేపరు పడేసి లేచారు. ఆయన చెవుల్లో మాత్రం ఏరియేటర్లు ఇంకా గిర్రున తిరుగుతూనే ఉన్నాయి.

ప్రవీణ్ ఫ్యూజు మార్చి స్టార్టరు నొక్కాడు. రెక్కలు నీళ్ళు చిమ్మాయి. కాసేపటికి రొయ్యలు కిందకి దిగాయి. అప్పుడు షెడ్డుకి తాళం వేసి, తాళాల గుత్తి తన జేబులో వేసుకున్నాడు.

“రేపట్నుంచి మీరు చెరువుకి రావద్దండి. ఇంటి దగ్గర రెస్టు తీసుకోండి.”

“ఈ చెరువు తవ్వించింది నేనురా! నన్నే రావద్దంటావా?”

“చెవుల్లో మోత పెట్టుకుని కాపలా ఏంటండీ? తిరిగినా ఆగినా మీకు ఒకటే. నేను ఇంకాస్త ఆలస్యంగా వచ్చుంటే పంటంతా పోయేది.”

అందులో అబద్ధం లేదు. అందుకే రాజుగారికి ఒళ్ళు మండింది.

“సరే. ఈ మోత సంగతి తేల్చుకునే వస్తాను. అప్పుడు నువ్వే నా చేతికి ఇద్దువు గాని ఆ తాళాలు.”

మర్నాడే రాజమండ్రి వెళ్ళారు. చెవి డాక్టరు మురళీకృష్ణగారి దగ్గరకి కొత్తగా ఓ మిషను వచ్చింది. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే వాన పడుతున్నట్టు చప్పుడు వస్తుంది. నాలిక చివర పెట్టుకునే బిళ్ళలోంచి చిన్నగా కరెంటు చిమచిమలాడుతుంది. రెండూ కలిసి మెదడుకి మోతని మర్చిపోవడం నేర్పుతాయిట.

“కొందరికి తగ్గుతుందండి. కొందరికి తగ్గదు. ఓపిగ్గా వాడి చూడాలి” అని డాక్టరుగారు ఉన్న మాటే చెప్పారు. రాజుగారికి మొదటి ముక్కే వినపడింది.

ఇంటికి తెచ్చాక ఆయన భార్య బుల్లెమ్మగారు ఆ మిషనుని అటూ ఇటూ తిప్పి చూశారు.

“నాలిక మీద కరెంటు పెడితే చెవిలో మోత పోతుందా? బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టినట్టుందండీ మీ వైద్యం!”

“చెవిలో మోతకి మందు లేదమ్మా. నేను చూడని వీడియో లేదు” అన్నాడు ప్రవీణ్.

“మీ ఇద్దరూ నోళ్ళు ముయ్యండి. తగ్గి తీరుద్ది” అన్నారు రాజుగారు.

పట్టు పడితే ఉడుం పట్టే ఆయనది. పొద్దున్న కాఫీ కంటే ముందు మిషను. సాయంత్రం టీవీ కట్టేసి మిషను. పేకాట మానేశారు. పెళ్ళిళ్ళకి బుల్లెమ్మగారిని ఒక్కర్నే పంపారు. మిషను తీసిన ప్రతిసారీ ఫ్యాను ఆపించి, ఊపిరి బిగబట్టి, ఎంతో ఆశగా వినేవారు. మోత అత్తారింటికొచ్చిన అల్లుడిలా తిష్ట వేసుకునే ఉండేది. ఆయనకి ఏడుపొచ్చేది. అయినా సాయంత్రం మళ్ళీ పెట్టుకునేవారు.

“ఏమన్నా తేడా తెలుస్తోందా నాన్నగారూ?” అన్నాడు ఓ రోజు ప్రవీణ్, పక్కనే వచ్చి కూర్చుని.

“ఓ! పూర్తిగా పోయింది” అనేశారు రాజుగారు. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయన వంశంలో లేదు.

“నిజంగానా! అయితే పరీక్ష పెడతానండి. చెరువుకి వీపు పెట్టి నిలబడండి. నేను షెడ్డులోంచి ఆపుతూ వేస్తూ ఉంటాను. ఆగినప్పుడల్లా మీరు చెయ్యెత్తాలి.”

“పెట్టుకోరా! భయమా నాకు?”

గట్టెక్కగానే రాజుగారు గాలి వాటం చూసుకున్నారు. పడమటి గాలి. రెక్కలు చిమ్మే నీళ్ళు తుంపరగా తూర్పు గట్టు మీదకి కొడుతున్నాయి. సరిగ్గా అక్కడికే వెళ్ళి, చొక్కా కాలరు కిందకి లాక్కుని నిలబడ్డారు. మెడ మీద తుంపర పడుతుంటే తిరుగుతున్నట్టు. పడకపోతే ఆగినట్టు. ఇక చెవులతో పనేంటి? మోసమే, కాదనలేదు. కానీ చెరువు లేకుండా ఆయన బతకలేరు.

తుంపర ఆగింది. చెయ్యెత్తారు. మెడ తడిసింది. దించారు.

“ఇంకోసారండీ!” అరిచాడు ప్రవీణ్.

ఇంకోసారీ సరిపోయింది. ఆ తర్వాతా సరిపోయింది. గట్టు మీద గొడుగు పట్టుకున్న బుల్లెమ్మగారు లెంపలు వేసుకున్నారు.

“పట్టిసం వీరభద్రుడికి మొక్కుకున్నాను. ఊరికే పోతుందా!”

ప్రవీణ్ షెడ్డులోంచి వచ్చి తాళాల గుత్తి తండ్రి చేతిలో పెట్టాడు. వాడి కళ్ళు తడిగా ఉన్నాయి.

“తప్పైపోయిందండి. మిషను పని చేస్తుందని నేను నమ్మలేదు. అసలు మోతే లేదా నాన్నగారూ?”

“లేదంటుంటే! చీమ చిటుక్కుమన్నా వినపడుద్ది” అన్నారు రాజుగారు, గుత్తి మొలలో దోపుకుంటూ.

ప్రవీణ్ పెద్ద బరువేదో దింపుకున్నట్టు గట్టు మీద కూర్చుండిపోయాడు.

“అయితే ఆ మిషను రేపట్నుంచి నాకివ్వండి. ఏడాదినుంచీ నాకూ రెండు చెవుల్లో ఇదే మోతండీ, ఎవరికీ చెప్పలేదు. నాకు తగ్గేదాకా ఇంక ఈ చెరువుకి మీ చెవులే దిక్కు!”