ఇప్పుడు ఏ కాలం?

అమ్మ కొత్తగా పెళ్లి చేసుకున్న ఆయనతో ఆ అమ్మాయి ముక్తసరిగా తప్ప మాట్లాడేది కాదు. ఆ సాయంత్రం ఆమె కాలంలో వెనక్కీ ముందుకీ తిరిగే కుర్రాడి కథ, జపాన్ యానిమే కార్టూన్ సిరీస్ పెట్టుకోగానే, ఆయన వచ్చి సోఫా చివర కూర్చున్నాడు. రెండు భాగాలయ్యాక మెల్లగా నోరు విప్పాడు.

"ఇప్పుడు ఈ కుర్రాడు వెనక్కెళ్లాడా, ముందుకొచ్చాడా?"

"వెనక్కి."

"మరి ఇందాక చచ్చిపోయిన పిల్ల టీ తాగుతోందేంటి?"

ఆ అమ్మాయికి నవ్వాగలేదు. "అదేనండీ దీంట్లో మజా! ఒక ముడి విప్పితే ఇంకో పది పడతాయి," అంటూ బల్ల మీద చెంచాలు పేర్చి, ఏది అసలు కాలమో, ఏది అతను మార్చేసిన కాలమో విడమరిచి చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపి, మళ్లీ తప్పు చెంచానే చూపించాడు.

ఆమె మంచినీళ్ల కోసం వంటింట్లోకి రాగానే అమ్మ గొంతు తగ్గించింది. "ఆయన నిరుడే ఇదంతా చూసేశారే. నీతో మాట కలపాలని తెలియనట్టు అడుగుతున్నారు. నేను చెప్పానని అనకు."

"నాకు తెలుసులేమ్మా. ఇందాక ఆ పిల్ల చచ్చిపోయే సీను రాకముందే కళ్లు తుడుచుకున్నారు."

రెండు గ్లాసులు తీసి, హాల్లోకి కేకేసింది.

"నాన్నా, మీకు చల్లనివా, మామూలువా?"